యాదగిరి ఆగిన ముప్పావుగంట

నల్లగండ్లలో మేముండే అపార్ట్‌మెంట్లలో కెమికల్ ఇంజనీరును నేనొక్కణ్ణే. ఈ సంగతి బయటపడ్డ దగ్గర్నుంచి నీళ్ల ట్యాంకు వాసన వచ్చినా, ఈతకొలను పచ్చబడినా, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వెయ్యకపోయినా నన్నే పిలుస్తున్నారు. మొన్న లిఫ్టులో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి అడిగింది.

"అంకుల్, కెమికల్ ఇంజనీర్లంటే ల్యాబ్‌లో రంగునీళ్లు కలుపుతారు కదా?"

"వాళ్లు కెమిస్టులమ్మా. వాళ్లు గ్లాసులో కలిపింది బావిలో కలిపితే ఎందుకు కుదరదో చూసుకునేవాళ్లం మేము."

నాలుగో అంతస్తు వచ్చింది, ఆ అమ్మాయి దిగిపోయింది. అర్థమైందో లేదో తెలియదు. కానీ ఈ వృత్తి గురించి ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

హైటెక్ సిటీలో నేను చివరిసారి పనిచేసిన ఆఫీసులో రేచల్ అని ఒక ఇంజనీరు ఉంది. కొత్తగా చేరినవాళ్లకు నన్ను వచ్చి మాట్లాడమంది. మైకు పట్టుకుని మాట్లాడటం మా ఇంటావంటా లేదు, రాసిస్తానన్నాను. పదోన్నతులు, అవార్డులు రాయను. అవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది పదేళ్లు సాగింది, ఆ పదేళ్లూ నేను దాన్ని నా గొప్పతనం అనుకున్నాను.

నేను వెంట తెచ్చుకున్నవి

మా ఊళ్ళో మా ఇంటిని దివాణం అనేవారు. నేను పుట్టేసరికి ఆ పేరొక్కటే మిగిలింది. తాతగారి రైస్ మిల్లు పోయింది, దాని వెనకే పొలాలు పోయాయి. మా నాన్నగారు పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. అయినా ఇస్త్రీ చెయ్యని చొక్కాతో గడప దాటలేదు, కుర్చీకి వీపు ఆనించి కూర్చోలేదు. నాకు ఆ రెండూ వచ్చాయి. వాటితోపాటు మూడోది కూడా వచ్చింది. 'నాకు తెలియదు' అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. కాబట్టి నాకూ రాలేదు.

ఇందులో మొదటి రెండింటికీ నేనేమీ సిగ్గుపడను. నిటారుగా నిలబడే మనిషి మాటను ఫ్యాక్టరీలో వింటారు. శుభ్రమైన చొక్కా వేసుకున్నవాడు ఎక్కడ చెయ్యి పెడుతున్నాడో చూసుకుని పెడతాడు. మూడోది మాత్రం ఈ వృత్తిలో పనికిరాదు.

మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాను. హైదరాబాదు నుంచి పడమటికి గంట ప్రయాణం. మా మొదటి బాసు మొదటి రోజే నన్ను ఎండలో ఒక ఆవిరి పైపు దగ్గరికి తీసుకెళ్లారు.

"ఇది వేడిగా ఉందా లేదా?" అన్నారు.

నేను వేడి చూపించే గేజీ కోసం చూశాను. గేజీ లేదు. చెయ్యి చాచాను, అరచెయ్యి ముందుకు పెట్టి. ఆయన నా మణికట్టు పట్టుకుని చెయ్యి తిప్పారు.

"చేతి వెనక వైపు, బాబూ. దగ్గరికి తీసుకెళ్లు, ఆనించకు. కాలినా పిడికిలి బయటికే పోతుంది. అరచెయ్యయితే పైపును పట్టుకుంటుంది."

తర్వాత ఇంకో మాట కూడా చెప్పారు. "కాగితం మీద ఏదైనా రాసిచ్చావంటే, మొదటిసారి అది జరిగేటప్పుడు నువ్వు పక్కన నిలబడాలి. పూర్తయ్యేదాకా. రాసిచ్చి వెళ్లిపోకూడదు."

మొదటి మాట ఈ రోజుకీ పాటిస్తాను, ఇంట్లో ఇస్త్రీపెట్టె దగ్గర కూడా. రెండోదాన్ని ఒకసారి పాటించలేదు. ఇక్కడ చెప్పబోయేది దాని గురించే.

నేను రాసిన కాగితం

ఫ్యాక్టరీలో ప్రతి మందుకూ ఒక బ్యాచ్ షీట్ ఉంటుంది. ఏది ఎంత వెయ్యాలి, ఎంత వేడి చెయ్యాలి, ఎంతసేపు కలపాలి అన్నీ వరసగా రాసి ఉంటాయి. వంటవాడి చేతికిచ్చే చీటీ అనుకోండి. తేడా ఏమిటంటే, అందులో ఒక్క గీత మార్చాలన్నా నలుగురి సంతకాలు కావాలి. షీటుకు జతగా లాగ్ బుక్ ఉంటుంది. ఆపరేటరు గంటగంటకూ ఏం చేశాడో, వేడి ఎంత ఉందో అందులో రాస్తాడు. షీటు అంటే మనం చెప్పింది, లాగ్ అంటే జరిగింది. రెండూ ఒకేలా ఉంటే అందరూ సంతోషిస్తారు. రెండూ అక్షరం తేడా లేకుండా ఏళ్ల తరబడి ఒకేలా ఉంటే మాత్రం అనుమానించాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక కొత్త మందు కోసం చివరి దశ షీటు నేను రాశాను. వేడి ద్రావణాన్ని రియాక్టరు అనే పెద్ద మూతపాత్రలో నాలుగు గంటల్లో చల్లారిస్తే మందు స్ఫటికాలుగా విడివడుతుంది. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో, అంటే బట్టల మిషన్‌లా గిరగిరా తిప్పే యంత్రంలో పిండి ఆరబెడతారు. ల్యాబ్‌లో గ్లాసు పాత్రలో బ్రహ్మాండంగా వచ్చింది. లెక్కలు నేనే వేశాను. అందమైన లెక్కలు.

మొదటి బ్యాచ్ రోజు రియాక్టరు దగ్గర ఆపరేటరు యాదగిరి ఉన్నారు. నాకంటే కొద్దిగా చిన్నవారు, ఆ ఊరి మనిషే. షీటు రెండుసార్లు చదివి అడిగారు.

"సార్, చల్లార్చుకుంట పోతుంటే నడుమల మబ్బు వడ్తది గద. గప్పుడు జర ఆగాల్నా?"

"మబ్బేమిటి?"

"అంటే, తేటగున్న నీళ్లు మసక మసకైతయి సార్. గాడ ఆగితె మంచిగుంటదని నా మనసుకు అనిపిస్తది."

ఆ మసక ఏమిటో నాకు పుస్తకాల్లో తెలుసు. స్ఫటికాలు పుట్టే ఘడియ అది. అక్కడ ఆగాలా వద్దా అన్నది నాకు తెలియదు. నా లెక్కలో ఆ ప్రశ్నే లేదు. 'చూద్దాం, ఇద్దరం నిలబడి చూద్దాం' అనాల్సింది.

"కాగితంలో ఆగమని ఉందా?" అన్నాను.

"లేదు సార్."

"అయితే కాగితంలో ఏముందో అది చెయ్యి."

"మంచిది సార్," అన్నారాయన. నేను మీటింగుకు వెళ్లిపోయాను.

మర్నాడు సెంట్రిఫ్యూజ్ నుంచి బొంబాయి రవ్వలాంటి స్ఫటికాలు వచ్చాయి. గలగలా జారుతున్నాయి. నేను గుప్పెడు పట్టుకుని మా బాసు గారి బల్ల మీద పోశాను. తర్వాత రెండేళ్లకు నన్ను హైటెక్ సిటీ ఆఫీసుకు మార్చారు. అక్కడ కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆ షీటు తీసి చూపించేవాణ్ణి.

"పదేళ్లుగా ఒక్క గీత మారలేదు," అనేవాణ్ణి.

ఏడాదికి ఒకటో రెండో బ్యాచ్‌లు మొరాయించేవి. రవ్వకు బదులు గచ్చుసున్నంలాంటి ముద్ద వచ్చేది. కారణం అనే గడిలో 'వానాకాలం, గాలిలో తేమ' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఎవరూ ఎదురు అడగలేదు.

తెర మీద మెట్టు

హైటెక్ సిటీ ఆఫీసు గురించి చెప్పాలి. తొమ్మిదో అంతస్తు. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మధ్యలో మేం ముప్ఫై మందిమి. లిఫ్టులో మా సంభాషణ వింటే పక్కవాళ్లు కొంచెం దూరం జరిగేవారు. "పేలిందా?" "లేదు, కొంచెం పొంగింది." ఇలా ఉండేవి మా మాటలు. మధ్యాహ్నం కొత్తగూడ నుంచి బిర్యానీ తెప్పించుకునేవాళ్లం. వీపు ఆనించకుండా బీన్ బ్యాగులో ఎలా కూర్చోవాలో నాకు చివరిదాకా చేతకాలేదు. నిలబడే తినేవాణ్ణి.

ఫ్యాక్టరీలోని పాత ముల్లు థర్మామీటర్లు తీసేసి, నిమిషానికోసారి వేడిని కొలిచి మా తెర మీదికి పంపే పరికరాలు పెట్టారు. ఆ తెరను చూడటం రేచల్ పని. చేరి ఏడాదయింది అప్పటికి. కొండాపూర్ పిల్ల, వాళ్లమ్మ నర్సు. వాళ్లమ్మ పోలికేనేమో, చార్టు కనిపిస్తే చదవకుండా వదలదు.

"సార్, ఒక్క నిమిషం ఇది చూస్తారా? మీ షీటు ప్రకారం గీత జారుడుబల్లలా దిగాలి కదా. రోజూ ఇక్కడ ఒక మెట్టు ఉంది. ముప్పావుగంట కదలడం లేదు. మళ్ళీ దిగుతోంది."

"పరికరం తప్పేమో."

"మార్చి చూశాను సార్. మెట్టు అలాగే ఉంది. లాగ్ బుక్‌లో మాత్రం లేదు."

ఎవరో నా షీటును పాటించడం లేదు. పైగా పాటించినట్టు రాస్తున్నారు.

"యాదగిరి గారిని అడుగుదామా సార్, ఎందుకు ఆపుతున్నారో?" అంది రేచల్.

"అడగటానికేముంది? షీటు ఉంది కదా. చెప్పటమే."

ఫోన్ చేశాను.

"యాదగిరీ, మధ్యలో ఆపుతున్నావట."

"ఆపుతున్న సార్," అన్నారు.

"ఇక ఆపొద్దు. షీటులో ఉన్నట్టు చెయ్యి."

"జర ఆలోచన చెయ్యుండ్రి సార్."

"ఆలోచించే రాశాను, పదేళ్ల క్రితం."

"అట్లయితె నాకు కాగితం మీద రాసియ్యుండ్రి."

"పంపిస్తున్నాను."

"సరే సార్. కాగితం మీది, చెయ్యి నాది."

ఆ మాటలో వెటకారం ఉందనుకున్నాను అప్పుడు. ఇప్పుడు చూస్తే అది ఉన్న సంగతి.

ఆర్డరు పంపాను. ఆ వారం మూడు బ్యాచ్‌లు నడిచాయి. తెర మీద గీత జారుడుబల్లలా ఎక్కడా ఆగకుండా దిగింది. చూడముచ్చటగా ఉంది. మూడు బ్యాచ్‌లూ ముద్దయ్యాయి. సెంట్రిఫ్యూజ్ గుడ్డలు మూసుకుపోయి ఒక్క చుక్క ద్రావణం కిందికి దిగలేదు. గరిటెలతో గీకి తీశారట. ఫ్యాక్టరీలో దానికి పెరుగన్నం అని పేరు పెట్టారు.

మందు పాడుకాలేదు, మళ్ళీ కరిగించుకోవచ్చు. కానీ మనిషి ఉద్యోగం పోయేలా ఉంది.

ఆయన మీద పెట్టిన నేరాలు

మా టెక్నికల్ సెంటర్ హెడ్ మూర్తి గారు. వయసులో నాకంటే చిన్నవారు, తెలివిలో కాదు. గురువారం విచారణ అన్నారు, యాదగిరిని హైటెక్ సిటీకి పిలిపించమన్నారు. నేరాలు రెండు. ఒకటి, పదేళ్లుగా లాగ్ బుక్‌లో అబద్ధం రాయడం. రెండు, ఆపొద్దన్న కోపంతో మూడు బ్యాచ్‌లు కావాలని పాడుచెయ్యడం.

"రెండోది రుజువు చెయ్యలేమండి," అన్నారు మూర్తి గారు. "మొదటిది చాలు. మందుల ఫ్యాక్టరీలో తప్పుడు రాత రాసినవాణ్ణి ఎలా ఉంచుకుంటాం? రేపు తనిఖీవాళ్లు వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?"

ఆ మాటలో తప్పు లేదు. ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనం చేసేది మింగే వస్తువు. ఎవరో ఎక్కడో మన రాతను నమ్మి మింగుతారు.

యాదగిరికి ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఇలాంటి మచ్చతో బయటికి పంపితే ఆ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు.

నేను సంతోషించానని చెప్పను. బాధపడ్డానని కూడా చెప్పను. నా షీటు నిర్దోషి అని తేలుతోంది కదా అని ఒక మూల చల్లగా అనిపించింది. అది రాయకపోతే ఈ వ్యాసం ఎందుకు?

బుధవారం పొద్దున రేచల్ నా బల్ల దగ్గరికి వచ్చి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"సార్, ఇవి పదేళ్లలో మొరాయించిన బ్యాచ్‌లు. మీరు వానాకాలం తేమ అని రాసినవి."

"అయితే?"

"ఇది ఏప్రిల్ కదా సార్. ఇదీ ఏప్రిలే. ఇది మే."

నేను కళ్లజోడు సర్దుకున్నాను.

"ఈ రెండో కాగితం యాదగిరి గారి సెలవులు. ఇది వాళ్ల అమ్మాయి పెళ్లి. ఇది బోనాలు. ఇక్కడ ఆయనకు జ్వరం, నాలుగు రోజులు. చూడండి సార్, ఆయన రాని రోజులే. అన్నీ."

రెండు కాగితాల మీదా వేలు పెట్టి కిందిదాకా వచ్చాను. ఒక్కటి కూడా తప్పలేదు. పదేళ్లు నేను చూపించుకు తిరిగిన రవ్వ నా షీటు నుంచి రాలేదు. షీటును యాదగిరి పాటించని రోజుల్లోనే వచ్చింది. పాటించిన రోజుల్లో, అంటే ఆయన లేని రోజుల్లో, ముద్ద వచ్చింది. ముద్దకు నేను వానను నిందించాను, అదీ నడివేసవిలో.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాను.

"ముందు మీకే చెప్పాలనిపించింది సార్."

ఆ పిల్ల నేరుగా మూర్తి గారి దగ్గరికి వెళ్లి పేరు తెచ్చుకోవచ్చు. వెళ్లలేదు. నేనేం చేస్తానో చూస్తూ నిలబడింది.

ఇక్కడ ఒక మాట. తెరలొచ్చి వృత్తి పాడైపోయిందని నా వయసువాళ్లు అంటుంటారు. నేను అనను. తెర అబద్ధం చెప్పలేదు. చేత్తో రాసిన రెండు కాగితాలు, ఆయన లాగ్, నా షీటు, అవి చెప్పాయి.

అద్దపు కిటికీ దగ్గర

విచారణ ఒక్క రోజు వాయిదా అడిగాను. ఒక్క బ్యాచ్‌ను ప్రయోగంగా, నా సంతకం మీద, యాదగిరి పద్ధతిలో నడపడానికి అనుమతి తెచ్చుకున్నాను. గురువారం తెల్లవారుజామునే ఫ్యాక్టరీకి వెళ్లి, షిఫ్టు మొదలవకముందే రియాక్టరు దగ్గర నిలబడ్డాను. పదేళ్లు ఆలస్యంగా.

యాదగిరి అప్పటికే ఉన్నారు.

"ఇంత పొద్దున్నే వచ్చావే?"

"రోజు గిదే టైముకు వస్త సార్. మొదటి బస్సుకు."

అప్పుడు అర్థమైంది ముప్పావుగంట ఎక్కణ్ణుంచి వస్తోందో. షీటులో లేని ముప్పావుగంటను ఆయన తన ఇంటి నుంచి తెచ్చుకుంటున్నారు. షిఫ్టుకు ముందే వచ్చి పని మొదలుపెడతారు. మబ్బు దగ్గర ఆగుతారు. షీటు చెప్పిన వేళకు ముగిస్తారు. లాగ్‌లో షిఫ్టు వేళకే మొదలైనట్టు రాస్తారు. పదేళ్లు. దాన్ని ఓవర్‌టైమ్ అని ఎప్పుడూ అడగలేదు. అడిగితే దొరికిపోతారు మరి.

రియాక్టరు పైన చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. ఆయన టార్చి వేశారు. లోపల తేట ద్రావణం సుడి తిరుగుతోంది. ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూస్తున్నాం. నా ఇస్త్రీ చొక్కాకు గ్రీజు అంటింది.

"ఇగో సార్. వట్టింది."

"నాకేమీ కనబడటం లేదు."

"చూస్తనే ఉండుండ్రి."

నిమిషం గడిచింది. అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు సన్నటి మసక కమ్మింది.

"వచ్చింది," అన్నాను.

"మీకిప్పుడొచ్చింది. నాకొచ్చి నిమిషమైంది," అన్నారాయన, కొంచెం గర్వంగానే. రియాక్టరు చుట్టూ తిరిగే చల్లనీళ్లు ఆపేసి స్టూలు నా వైపు జరిపారు. "కూసోండ్రి సార్. ఇగ ముప్పావుగంట మనకేం పని లేదు. లోపల గింజలు పెరగాలె గద, వాటికుంటది పని."

కూర్చున్నాను. ఆయన నిలబడే ఉంటే ఇంకో స్టూలు తెప్పించాను.

ముప్పావుగంటే ఎందుకని అడిగాను. అరగంట ఆగితే రవ్వ కొంచెం సన్నగా వచ్చిందట, గంట ఆగితే షిఫ్టు వేళకు అందలేదట. మొదటి నెలలో అన్నీ చేసి చూశారట. ఇంజనీరు చెయ్యాల్సిన ప్రయోగాలన్నీ ఆయన చేశారు, రాయడం ఒక్కటే తక్కువ.

"మరి నాకెందుకు చెప్పలేదు యాదగిరీ?"

ఆయన ఆశ్చర్యంగా చూశారు.

"చెప్పిన గద సార్. మొదటి దినమే."

"మళ్ళీ చెప్పొచ్చు కదా."

"ఒకసారి చెప్తె ఇననోళ్లకు రెండోసారి చెప్తె కోపమొస్తది సార్. కోపం మీకొస్తె పరేషాన్ నాకు. ఊకె లొల్లెందుకని నా పని నేను చేసుకున్న."

అంతే, మామూలుగా అన్నారు, టార్చి తుడుచుకుంటూ. నాకు మాత్రం మా తాతగారి మిల్లు కళ్లముందు నిలబడింది.

ఆ మిల్లు బాయిలరు పేలి పోయింది. మనుషులకేమీ కాలేదు, మిల్లు మిగల్లేదు. దిష్టి తగిలిందని మా నాయనమ్మ చెప్పేది. మా నాన్నగారు రోజులు బాగా లేవనేవారు. ఆ కథలోనే ఒక చిన్న ముక్క ఉండేది, దాన్ని అందరూ నవ్వుతూ చెప్పేవారు. బాయిలరు చూసే మనిషి పదిరోజుల ముందు వచ్చి, "అయ్యా, పైపు కారుతోందండి" అన్నాడట. "నాకు చెప్పేపాటివాడివయ్యావా?" అని తాతగారు మీసం దువ్వారట. ఆ మనిషి మళ్ళీ చెప్పలేదు. అది మా తాతగారి దర్జాకు ఉదాహరణగా మా ఇంట్లో చెప్పుకునే కథ. నేనూ నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి. మా ఇల్లు ఎందుకు కూలిందో ఆ కథలోనే ఉందని, ఒక స్టూలు మీద కూర్చుని, యాభై ఏడో ఏట తెలుసుకున్నాను.

మర్నాటి పొద్దున సెంట్రిఫ్యూజ్ మూత తీశారు. రవ్వ. గలగలా జారింది.

విచారణ

శుక్రవారం మధ్యాహ్నం యాదగిరి హైటెక్ సిటీకి వచ్చారు. విజిటర్ బ్యాడ్జీ మెడలో వేసుకుని, తొమ్మిదో అంతస్తు అద్దంలోంచి కిందికి చూసి, రేచల్‌తో అన్నారు.

"ఇంత పైకెళ్లి మా రియాక్టరు ఎట్ల గనవడ్తదమ్మా మీకు?"

"మెట్టు కనబడింది అంకుల్," అంది ఆ పిల్ల.

లోపల మూర్తి గారు లాగ్ బుక్కులు పేర్చుకుని ఉన్నారు.

"ఈ రాతలు అబద్ధమేనా?"

"అవ్ సార్."

"ఎందుకు రాశావు?"

యాదగిరి నా వైపు చూడలేదు. నేల చూశారు. నిన్నటిదాకా తెలియకపోతే నేను ఆ చూపును తప్పు చేసినవాడి చూపనుకునేవాణ్ణి. ఆయన నా పరువు కాపాడుతున్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆ గదిలో లేచి మాట్లాడే ఆచారం లేదు. మా ఇంట్లో ఉంది.

"మూర్తి గారూ, ముందు నా సంగతి వినండి. షీటు తప్పు. దాన్ని రాసింది నేను. మొదటి రోజే ఈయన అడిగారు, ఆగాలా అని. నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా కాగితంలో ఉన్నట్టు చెయ్యమన్నాను. పక్కన నిలబడి చూడలేదు. మొరాయించినప్పుడల్లా వాన అని రాశాను. ఈయన పదేళ్లు తప్పుడు వేళ రాశారు. నేను పదేళ్లు తప్పుడు కారణం రాశాను. శిక్ష వేస్తే ఇద్దరికీ వెయ్యండి. నాది పెద్దది కాబట్టి నాతో మొదలుపెట్టండి."

మూర్తి గారు లాగ్ బుక్కు మూసి పక్కన పెట్టారు.

"ఇదంతా రాసిస్తారాండి?" అన్నారు మూర్తి గారు.

"రాసి తెచ్చాను."

రేచల్ తన రెండు కాగితాలూ పక్కన పెట్టింది. మూర్తి గారు ఏప్రిల్ దగ్గర వేలు ఆపి నన్ను చూశారు. నవ్వారో లేదో చెప్పలేను, మీసం కదిలింది.

యాదగిరి ఉద్యోగం నిలిచింది. లాగ్ విషయంలో హెచ్చరిక పత్రం ఇచ్చారు, అది న్యాయమే. నాకూ ఒకటి ఇచ్చారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అదే మొదటిది. దాన్ని దాచుకున్నాను. రేచల్ పాత బ్యాచ్‌ల రికార్డులన్నీ తిరిగి సరిచేసింది, దానికి నాలుగు నెలలు పట్టింది.

కొత్త షీటులో మబ్బు దగ్గర ఆగడం ఒక దశ అయింది. కింద 'తయారు చేసినవారు' అనే గడి ఉంది. యాదగిరి పేరు ముందు, నాది తర్వాత రాశాను.

"ఆపరేటరు పేరు రాయడానికి మన ఫారంలో వీల్లేదండి," అన్నారు మూర్తి గారు.

"అయితే నాది తీసేసి ఆయనది ఉంచండి. గడి ఖాళీగా ఉండకూడదు కదా."

ఆయన ఫారం మార్పించారు. మంచి బాసు అంటే అదీ.

ఇంకొక్క సంగతి

కొత్త షీటు వచ్చిన వారం యాదగిరి రెండో బస్సుకు రావడం మొదలుపెట్టారు. ఇంట్లో కూర్చుని చాయ్ తాగడం పదేళ్ల తర్వాత మళ్ళీ మొదలైందని, వాళ్లావిడ ముందు పరేషాన్ అయిందని చెప్పారు. ఉద్యోగం ఊడిందేమోనని.

ఆ వారమే రేచల్ నాకు లాగ్ బుక్ పేజీ ఫోటో పంపింది. యాదగిరి గుండ్రటి చేతిరాతలో నిజమైన వేళ రాసి, పక్కన 'మబ్బు వట్టింది. ఆగిన' అని ఉంది. దాని కింద, ఎప్పుడూ ఖాళీగా ఉండే వివరాల గడిలో ఇంకో వాక్యం: 'ఆగినప్పుడు కలిపే చక్రం జర మెల్లగ తిప్పితే ఇంకా మంచిగ వస్తదేమో, సార్లు చూడాలె.'

నాకు తెలియదు. ఈసారి లెక్క కూడా వెయ్యలేదు, బయల్దేరి వెళ్లాను. రేచల్ కూడా వచ్చింది. అనుమతి తీసుకుని చక్రం మెల్లగా తిప్పాం. ముగ్గురం ముప్పావుగంట అద్దపు కిటికీ దగ్గర వంతులేసుకుని చూశాం.

కుదరలేదు. స్ఫటికాలు తేలడం మానేసి అడుగున పేరుకుపోయాయి. తవ్వి తీయాల్సి వచ్చింది.

యాదగిరి టార్చి ఆర్పి, రెండు చేతులూ దులుపుకుని, "గలత్ చెప్పిన సార్," అన్నారు నవ్వుతూ. అని చాయ్ తాగడానికి వెళ్లారు.

ఆయన వెళ్లినవైపే చూస్తూ నిలబడ్డాను. తప్పు చెప్పాననే ఆ మాట అనడానికి నాకు పదేళ్లు, ఒక విచారణ, మా తాతగారి మిల్లు కావలసి వచ్చాయి. ఆయన చాయ్‌కి వెళ్తూ వెళ్తూ అనేశారు.

"సార్, మనమూ వెళ్దామా?" అంది రేచల్.

వెళ్లాం. క్యాంటీన్‌లో కుర్చీలు లేవు, బెంచీలే. వీపు ఆనించే అవసరం రాలేదు.